ఉఖాబ్ ఏది, గద్ద ఏది? – పెనుకొండ సీమలో వేటపక్షుల చరిత్ర

నల్లమాడ పరిసరాల్లో తిరిగినవారికి ఆ దృశ్యం కొత్త కాదు. ఎండ ఎక్కే వేళకు, ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే బండరాళ్ళ గుట్టల మీద, శెనక్కాయ చేలకు బాగా ఎత్తున, ఒక పెద్ద పక్షి రెక్క కదపకుండా చుట్లు తిరుగుతూ ఉంటుంది. కింద గొర్రెల మంద మేస్తూ ఉంటుంది. మందలో పసిపిల్లలుంటే కాపరి ఒకసారి తలెత్తి చూసి కేక వేస్తాడు. పక్షి మాత్రం తొందరపడదు.

కొన్నేళ్ళ క్రితం అటువంటి చోటనే చెట్టునీడన కూర్చుని ఉండగా, మాతో వచ్చిన ఒక యువకుడు ఆ పక్షిని చూపి, "గద్దను చంపడంలో తప్పు లేదని హదీసులోనే ఉంది కదా మౌల్వీసాబ్" అన్నాడు. మేము జవాబు చెప్పేలోగానే పక్కనున్న ముసలి కాపరి కల్పించుకున్నాడు. "అది గద్ద గాదు సాయిబూ. గద్ద ఊర్లో తిరుగుతాది, కోడిపిల్లల్ని ఎత్తకపోతాది. ఇది గుట్ట మీదిది. కుందేలును కొడ్తాది" అన్నాడు.

ఆ యువకుడు చెప్పిన హదీసు ఉంది. కాపరి చెప్పిన తేడా కూడా ఉంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో మన తెలుగు అనువాదాల్లో ఒక పొరపాటు దూరింది. ఆ పొరపాటు ఎక్కడిదో వెతుకుతూ పోతే హదీసు గ్రంథాల నుండి పెనుకొండ కోట దాకా, అక్కడి నుండి మొగలు దర్బారు దాకా పోవలసి వచ్చింది. ఆ వివరాలనే పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మొదట ఆ హదీసు సంగతి చూద్దాం. ఇహ్రాం స్థితిలో ఉన్న వ్యక్తి కూడా చంపడానికి అనుమతి ఉన్న ఐదు హానికర జీవులను దైవప్రవక్త (స) పేర్కొన్నట్లు బుఖారీ, ముస్లిం సంకలనాల్లో హజ్రత్ ఆయిషా (రజి) తదితరుల ద్వారా వచ్చింది. అవి కాకి, తేలు, ఎలుక, కరిచే కుక్క, 'హిదఅ'. ఈ చివరి పదం దగ్గరే మన చిక్కు మొదలవుతుంది. అరబ్బీలో హిదఅ అంటే ఊళ్ళ మీద తిరుగుతూ, మాంసం దుకాణాల చుట్టూ, చెత్తకుప్పల చుట్టూ ఎగురుతూ, చేతిలోని ముక్కను కూడా తన్నుకుపోయే పక్షి. తోక చివర చీలినట్లుంటుంది. మన ఊళ్ళలో గద్ద అనగానే మనసులో మెదిలేది సరిగ్గా అదే. ఉర్దూలో దానినే చీల్ అంటాము. కాబట్టి హిదఅను గద్ద అని అనువదించడంలో దోషమేమీ లేదు.

దోషం మరోచోట ఉంది. అరబ్బీలో 'ఉఖాబ్' అనే మరొక పక్షి ఉన్నది. ఇది కొండల్లో, నిర్జన ప్రదేశాల్లో ఉండే మహా వేటపక్షి. 'నస్ర్' అనేది ఇంకొకటి. సాధారణంగా రాబందును అలా అంటారు. 'బాజ్', 'సఖ్ర్', 'షాహీన్' అనేవి మనిషి చేతి మీద కూర్చుని వేటాడటానికి శిక్షణ పొందే డేగ జాతులు. ఇన్నింటినీ మన రచయితలు తోచినప్పుడు గద్ద అని, తోచనప్పుడు డేగ అని రాసుకుంటూ వచ్చారు. ఫలితంగా హిదఅ గురించి వచ్చిన అనుమతి చదివినవాడు దానిని ఆకాశంలో తిరిగే ప్రతి పెద్ద పక్షికీ వర్తింపజేసుకుంటున్నాడు. ఒక పదం పొరపాటున ఒక ప్రాణి ప్రాణం పోయే సందర్భం కనుక దీనిని చిన్న విషయంగా తీసివేయడానికి వీలు లేదు.

ఫిఖ్హ్ గ్రంథాలు ఈ విషయంలో మనకంటే చాలా జాగ్రత్తగా ఉన్నాయి. మన సీమలో అత్యధికులు అనుసరించే హనఫీ మజ్‌హబ్ ప్రకారం, ఇహ్రాంలో ఉన్నవాడు హదీసులో పేరు పెట్టి మినహాయించిన వాటిని చంపితే పరిహారం లేదు. కానీ ఇతర క్రూరమృగాన్నో వేటపక్షినో అది తనపై దాడి చేయకుండానే చంపితే, దాని విలువకు తగిన పరిహారం, ఒక మేక విలువకు మించకుండా, చెల్లించవలసి ఉంటుంది. ఇమామ్ షాఫయీ (రహ్) అభిప్రాయం వేరు. తినడానికి ధర్మసమ్మతం కాని జంతువు విషయంలో పరిహారం అక్కర లేదని ఆయన భావించారు. ఈ భేదాభిప్రాయంలో ఎవరు సరి అని తేల్చడం మా పని కాదు. ఫుఖహాలు హిదఅను, తక్కిన వేటపక్షులను ఒకే గాటన కట్టలేదన్నదే ఇక్కడ చూడవలసిన సంగతి.

ఇక ఉఖాబ్ విషయానికి వద్దాం. ఇంగ్లీషు పుస్తకాల్లో 'గోల్డెన్ ఈగిల్' అని చదువుకునే పక్షే ప్రధానంగా అరబ్బుల, ఇరానీయుల, తురుష్కుల ఉఖాబ్. తల వెనుక, మెడ మీద ఈకలు బంగారు ఛాయలో మెరుస్తాయి కనుక ఆ పేరు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో దీనికి పెట్టిన శాస్త్రీయ నామంలో కూడా బంగారం అనే అర్థమే ఉన్నది. రెక్కలు చాపితే ఈ చివర నుండి ఆ చివరకు సుమారు 1.8 నుండి 2.3 మీటర్లు. బరువు సుమారు 3 నుండి 6.5 కిలోలు. వేటపక్షుల్లో సాధారణంగా ఉన్నట్లే ఇందులోనూ ఆడదే పెద్దది. కొండచరియల్లోనో పెద్ద చెట్ల మీదనో పుల్లలతో గూడు కట్టి, అదే గూటిని ఏటేటా పెంచుకుంటూ పోతుంది. సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. సుమారు ఆరు వారాలు పొదుగుతుంది. ముందు పుట్టిన పిల్ల తరచు రెండోదానిని బతకనివ్వదు. కుందేళ్ళు, కొండపక్షులు, నక్కలు దీని ఆహారం. మధ్య ఆసియాలో కజఖ్, కిర్గిజ్ ముస్లిములు దీనిని 'బర్కుత్' అని పిలుస్తూ, గుర్రం మీద కూర్చుని చేతిమీద మోసుకుపోయి, మంచు నేలల్లో నక్కలను వేటాడతారు. పక్షి బరువుకు చేయి నొప్పి పుట్టకుండా జీనుకు ఒక కొయ్య ఊతం కట్టుకుంటారు.

అయితే ఈ బంగారు ఉఖాబ్ నల్లమాడకు రాదు. భారతదేశంలో దాని నివాసం హిమాలయ పర్వతాలే. కాబట్టి మన గుట్టల మీద తిరిగే పక్షిని చూసి ఇదే గోల్డెన్ ఈగిల్ అని ఎవరైనా రాస్తే అది సరి కాదు. మనకున్నవి దాని దగ్గరి చుట్టాలు. హిందూస్థానీ వేటగాళ్ళు ఉఖాబ్ అనే పేరును దక్షిణాదికి తెచ్చి, ఇక్కడ కనిపించిన గోధుమరంగు గద్దజాతి పక్షికి పెట్టుకున్నారు. రెక్కల వెడల్పు సుమారు 1.6 నుండి 1.9 మీటర్లుండే ఈ పక్షి మెట్టపొలాల్లో, ముళ్ళతుప్పల నేలల్లో ఉంటుంది. అది స్వయంగా వేటాడుతుంది. ఇతర పక్షుల నోటి దగ్గరి ముక్కను లాక్కుంటుంది. చచ్చిన గొడ్డు మీద రాబందులతో పాటు వాలుతుంది కూడా. కవులు వర్ణించే ఉఖాబ్‌కు ఈ చివరి గుణం బొత్తిగా సరిపడదు, కానీ పక్షి కవులను అడిగి బతకదు కదా. రెండవది, కాపరి చెప్పిన కుందేళ్ళను కొట్టే పక్షి. ఇది కొండచరియల్లో జంటగా ఉంటుంది. శరీరంలో కొంచెం చిన్నదైనా వేటలో ఎక్కువ చురుకైనది.

ఈ రెండో పక్షికి తెలుగులో ఉన్న పేరును గ్రంథస్థం చేసినవాడు టి. సి. జెర్డన్ అనే ఆంగ్ల వైద్యుడు. 1811లో పుట్టిన ఈయన మద్రాసు సైన్యంలో డాక్టరుగా వచ్చి, నెల్లూరులో చాలాకాలం సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. దక్షిణాది పక్షుల జాబితాను 1839-40 ప్రాంతంలో మద్రాసు పత్రికలో ప్రచురించాడు. తర్వాత 1862-64 మధ్య భారతీయ పక్షుల మీద మూడు సంపుటాలు వెలువరించాడు. ఈయనలో మాకు నచ్చిన గుణం ఏమిటంటే, పక్షిని కొలిచి వదిలిపెట్టకుండా, దానిని పట్టేవాళ్ళను, పెంచేవాళ్ళను అడిగి హిందూస్థానీ, తెలుగు, తమిళ పేర్లను వరుసగా రాసుకున్నాడు. ఆ జాబితాలో కుందేళ్ళను కొట్టే పక్షికి ఉన్న తెలుగు పేరు 'కుందేలి సాళువ'. గోధుమరంగు పక్షికి హిందూస్థానీలో ఉఖాబ్, తెలుగులో మళ్ళీ సాళువ. జనం షిక్రా అనే చిన్న వేటపక్షి తెలుగులో జాలె డేగ. బహ్రీ అనేది తెలుగులో బైరి డేగ.

బైరి డేగ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. బహ్ర్ అంటే అరబ్బీలో సముద్రం. చలికాలంలో దూరదేశాల నుండి వచ్చి తీరప్రాంతాల్లో, చెరువుల వెంట కనిపించే పక్షి కనుక దానికి బహ్రీ అని, అంటే సముద్రపుది అని పేరు. ఆ అరబ్బీ పదం ఫార్సీ వేటగాని నోట దక్కనుకు వచ్చి, తెలుగు పిట్టలవాని నోట బైరి అయింది. పక్కన తెలుగు డేగ చేరింది. రెండు భాషలవాళ్ళు ఒకే వలను చెరొక కొస పట్టుకున్నారనడానికి ఇంతకంటే సాక్ష్యం అవసరం లేదు.

డేగవేటను ఈ దేశానికి ముస్లిములే తెచ్చారని కొందరు అంటుంటారు. ఇది సరైన మాట కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది తొలి భాగంలో రచించిన మానసోల్లాసంలో రాజుల వినోదాల వరుసలో డేగవేటకు కూడా చోటు ఉంది. అప్పటికి దక్కనులో సుల్తానుల పాలన ఇంకా మొదలు కాలేదు. మనది కాని ఘనతను మనదని చెప్పుకోవడం వల్ల చరిత్రకు గాని, మనకు గాని మేలు లేదు. ముస్లిములు తెచ్చినది ఆ విద్యకు ఒక కొత్త పరిభాష, ఒక ఉద్యోగ వ్యవస్థ, వీటన్నింటికీ మించి ఆ వేటకు హలాల్, హరామ్ అనే హద్దు.

ఆ హద్దు ఎక్కడ ఉందో చూద్దాం. మాయిదా సూరా నాల్గవ ఆయత్‌లో, శిక్షణ ఇచ్చిన వేటజంతువులు మీ కోసం పట్టి ఉంచినదానిని అల్లాహ్ పేరు ఉచ్చరించి తినడానికి అనుమతి వచ్చింది. అక్కడి 'జవారిహ్' అనే పదంలో కుక్కలు, డేగలు రెండూ చేరతాయని వ్యాఖ్యాతలు అధికంగా చెప్పారు. ఉదారతకు మారుపేరైన హాతిం తాయీ కుమారుడు హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) వేటలో ఆసక్తి గలవారు. కుక్కను వదిలే వేటను గురించి ఆయన దైవప్రవక్త (స)ను అడిగిన ప్రశ్నలు, వాటి సమాధానాలు బుఖారీ, ముస్లింలలో ఉన్నాయి. డేగ గురించి ఆయనే అడిగినట్లు తిర్మిజీలో ఒక కథనం ఉంది గాని, దాని సనద్‌లోని ముజాలిద్ అనే ఉల్లేఖకుని జ్ఞాపకశక్తి గురించి హదీసువేత్తలు ఆక్షేపణ తెలిపారు. అయినప్పటికీ విద్వాంసులలో అత్యధికులు డేగవేటను అనుమతించారు. ఇక కోరలున్న మృగాన్ని, గోళ్ళతో వేటాడే పక్షిని తినడాన్ని దైవప్రవక్త (స) నిషేధించినట్లు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ద్వారా ముస్లింలో వచ్చింది. అంటే డేగ తెచ్చినది తినవచ్చు, డేగను తినరాదు.

హనఫీ ఫుఖహాలు ఇక్కడ చూపిన సూక్ష్మదృష్టి చదివినప్పుడల్లా ఆశ్చర్యం కలుగుతుంది. కుక్క శిక్షణ పొందింది అనడానికి గుర్తు, పట్టిన జంతువును తినకుండా యజమాని కోసం ఉంచడం. ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌ల ప్రకారం ఇలా మూడుసార్లు జరగాలి. డేగకు మాత్రం గుర్తు వేరు: పిలిస్తే తిరిగి రావడం. ఎందుకు? కుక్కను దండించి తినకుండా మానిపించవచ్చు; పక్షి శరీరం దెబ్బను ఓర్చుకోలేదు. కాబట్టి దానికి సాధ్యం కాని షరతును దానిపై పెట్టరాదు. పక్షి సహజంగా మనిషికి దూరంగా పోయేది. అది స్వేచ్ఛగా ఎగిరి కూడా పిలుపుకు తిరిగి వచ్చిందంటే అదే దాని శిక్షణ. అందువల్ల డేగ పట్టిన పిట్టలో కొంత తిన్నా మిగిలినది హనఫీల వద్ద హలాలే. కుక్క తింటే కాదు. షాఫయీలు రెండింటికీ ఒకే షరతు పెడతారు. పట్టిన పిట్ట ప్రాణంతో చేతికి చిక్కితే జబహ్ చేయవలసిందే. గది లోపల కూర్చుని ఊహించి రాసిన మాటలు కావివి. పక్షిని చేతి మీద మోసినవాళ్ళను అడిగి, చూసి రాసినవి.

అరబ్బుల వద్ద ఈ విద్య శాస్త్రంగా ఎదిగిన తీరు ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఉమయ్యాద్, అబ్బాసీ ఖలీఫాల కాలానికే వేటపక్షుల పెంపకం, వాటి జబ్బులు, వైద్యం మీద గ్రంథాలు వెలువడ్డాయి. వాటిలో కొన్నింటిని 13వ శతాబ్దంలో సిసిలీ చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ లాటిన్‌లోకి అనువదింపజేసుకున్నాడు. తానుగా ఆ వేట మీద రాసిన గ్రంథంలో అరబ్బుల వద్ద నేర్చుకున్న సంగతులను దాచలేదు. పక్షి తలకు తోలు టోపీ పెట్టే పద్ధతి యూరపుకు తూర్పుదేశాల నుండి అలాగే పోయింది. సిరియాలోని షైజర్ కోటకు చెందిన ఉసామా బిన్ మున్ఖిజ్ (1095-1188) తన జ్ఞాపకాల్లో తండ్రి గురించి రాసినవి చదవదగినవి. ఆ పెద్దమనిషి పగలంతా డేగలతో వేటకు పోయేవారు, రాత్రి కూర్చుని ఖుర్ఆన్ ప్రతులు రాసేవారు. మరణించేనాటికి ఆయన చేతిరాతలో నలభైకి పైగా సంపూర్ణ ప్రతులు ఉన్నాయట. క్రూసేడు యుద్ధాలు చుట్టుముట్టిన రోజులవి.

ఉఖాబ్ అనే పేరుకు మన చరిత్రలో మరో స్థానం కూడా ఉంది. దైవప్రవక్త (స) సేనల నల్ల పతాకానికి ఉఖాబ్ అని పేరున్నట్లు సీరా గ్రంథాలు చెబుతున్నాయి. అంతకుముందు ఖురైష్‌ల యుద్ధపతాకానికి కూడా ఆ పేరే ఉండేది. నస్ర్ సంగతి అలా కాదు. నూహ్ సూరాలో పేర్కొన్న ఐదు విగ్రహాల్లో చివరిది నస్ర్. హిమ్యర్ తెగకు చెందిన జుల్ కలా వంశీయుల వద్ద దాని పూజ ఉండేదని ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు బుఖారీలో ఉంది. పతాకం పేరునూ, విగ్రహం పేరునూ, కోడిపిల్లలను ఎత్తుకుపోయే హిదఅనూ ఒకే 'గద్ద'తో అనువదిస్తే చదివేవాడు ఏమనుకోవాలి?

ఇప్పుడు మన సీమకు వద్దాం. సాళువ అంటే వేటడేగ. ఈ పేరుతో ఒక రాజవంశమే ఉన్నది. 14వ శతాబ్దంలో విజయనగర రాకుమారుడు కంపన మదుర సుల్తానులపై నడిపిన దండయాత్రలో సేనానిగా పోయిన సాళువ మంగు ఆ వంశంవాడే. అతని వారసుల్లో చంద్రగిరి నరసింహుడు 1485లో విజయనగర సింహాసనాన్ని ఆక్రమించి 1491 దాకా పాలించాడు. అతని తర్వాత సేనాని నరస నాయకుడు పెత్తనం చేజిక్కించుకుని, నరసింహుని చిన్న కొడుకు ఇమ్మడి నరసింహుని పెనుకొండలో ఉంచాడు. పేరుకు రాజు, నిజానికి బందీ. 1505లో ఇమ్మడి నరసింహుని హత్యతో ఆ వంశం రాజ్యం ముగిసింది. డేగ పేరు పెట్టుకున్న వంశంలో చివరి రాజు పెనుకొండ కోటలో రెక్కలు కట్టిన పక్షిలా గడిపాడని అనుకోకుండా ఉండలేము. కృష్ణదేవరాయల మంత్రి సాళువ తిమ్మరుసును కూడా ఇక్కడే బంధించి ఉంచారని స్థానికులు ఒక కట్టడాన్ని చూపుతారు.

తళ్ళికోట యుద్ధం (1565) తర్వాత పెనుకొండ కొంతకాలం విజయనగర రాజధాని అయింది. 17వ శతాబ్ది మధ్యలో బీజాపూర్ వారి చేతికి వచ్చింది. బాబా ఫఖ్రుద్దీన్ దర్గా వల్ల ఈ ఊరు మన పాఠకులకు మరో విధంగా కూడా చిరపరిచితమే. పక్కనే హిందూపురం దారిలో ఉన్న లేపాక్షి పేరును మన హిందూ సోదరులు రామాయణంలోని జటాయువు అనే మహాపక్షి గాథతో ముడిపెడతారు. రాజుల బిరుదులోనూ, ఊరి పేరు గాథలోనూ, కాపరి మాటలోనూ ఈ సీమ తన పెద్ద వేటపక్షిని నిలుపుకుంది.

పెనుకొండను జయించిన బీజాపూర్ ఆదిల్‌షాహీలకు డేగవేట సరదా మాత్రమే కాదు, రాజచిహ్నం కూడా. రెండవ ఇబ్రాహీం ఆదిల్ షా (1580-1627) గుర్రం మీద చేత డేగను ధరించి పోతున్నట్లు ఫర్రుఖ్ బేగ్ వేసిన చిత్రం నేడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. ఢిల్లీ సుల్తానుల కాలంలో 'అమీరె షికార్', మొగలుల కాలంలో 'మీర్ షికార్' పెద్ద ఉద్యోగాలు. అబుల్ ఫజల్ తన ఆయీనె అక్బరీలో డేగల రకాలు, వాటి ధరలు, వాటికి రోజూ ఇచ్చే మాంసం, పెంచేవారి జీతాలు కూడా లెక్కగట్టి రాశాడు. జహంగీర్ సంగతి మరీ విశేషం. ఇరాన్ పాదుషా షా అబ్బాస్ 1619లో ఆయనకు షుంఖార్ అనే అరుదైన ఉత్తరదేశపు డేగను కానుకగా పంపాడు. దారిలో తెచ్చేవారి అజాగ్రత్త వల్ల పిల్లి దాని మీద పడి గాయపరిచింది. దర్బారుకు చేరాక వారం మించి బతకలేదు. జహంగీర్ దాని అందానికి ముగ్ధుడై, ఉస్తాద్ మన్సూర్‌ను పిలిచి బొమ్మ వేయించి పెట్టుకున్నాడు. తన దినచర్యలో ఆ సంగతి తానే రాశాడు.

ఈ మీర్ షికార్ల పరిభాషను గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేము. వాళ్ళు వేటపక్షులను కంటిరంగును బట్టి రెండుగా విభజించారు: పసుపు కన్నున్నవి 'గులాబ్ చష్మ్', నల్ల కన్నున్నవి 'సియాహ్ చష్మ్'. మొదటివి చెట్ల మధ్య కాస్త దూరం తరిమి పట్టేవి; రెండవవి ఆకాశం పైనుండి దిగి కొట్టేవి. ఇప్పటి శాస్త్రం కూడా ఈ రెండు గుంపులను వేర్వేరు కుటుంబాలుగా చూస్తుంది. ఆడ, మగ పక్షులకు వేర్వేరు పేర్లు కూడా పెట్టారు: ఆడది బాజ్ అయితే మగది జుర్రా, ఆడది షిక్రా అయితే మగది చిప్కా, లగ్గర్‌కు జగ్గర్. ఆడది పెద్దది కనుక పెద్ద పిట్టను కొడుతుంది. రెండింటి పని వేరు, ధర వేరు. షిక్రా, షాహీన్, లగ్గర్ అనే ఈ మాటలు ఇంగ్లీషు పక్షిశాస్త్ర గ్రంథాల్లోకి కూడా అలాగే ఎక్కాయి. ఆ మాటలు వాడే శాస్త్రవేత్తలకు పేరు వచ్చింది; వాటిని పుట్టించిన మీర్ షికార్లు అనామకులుగా మిగిలిపోయారు. బీహారులో ఆ పేరుతోనే ఉన్న ముస్లిం పిట్టలవాళ్ళ నైపుణ్యాన్ని మన కాలంలో పక్షుల కాళ్ళకు ఉంగరాలు వేసే పరిశోధనకు వినియోగించుకున్నారు.

షాహీన్ అనగానే అల్లామా ఇక్బాల్ (1877-1938) గుర్తుకు రాని ఉర్దూ పాఠకుడు ఉండడు. 1935లో వెలువడిన బాలె జిబ్రీల్‌లో ఆ పక్షి మీద ఆయన రాసిన కవిత ఉంది. ఇతరులు చంపినది తినదని, గూడు కట్టదని, ఎత్తున ఎగురుతుందని ఆయన దానిలో ఫకీరు గుణాలను చూశారు. ఇది కవి కల్పన అని కొందరు కొట్టివేస్తారు గాని, ఒక విషయంలో కవి మాట అక్షరాలా నిజం. షాహీన్ నిజంగానే గూడు కట్టదు. కొండచరియ మీద ఒక అరుగు చూసుకుని ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. ఇక్బాల్ 1929 జనవరిలో మద్రాసు, మైసూరు, హైదరాబాదులు తిరిగి ఉపన్యాసాలిచ్చారు. శ్రీరంగపట్నంలో టిపూ సుల్తాన్ సమాధిని దర్శించారు. ఆయన పొగిడిన షాహీన్ ఈ దక్షిణాది కొండల్లో స్థిరనివాసి.

కవి తర్వాత శాస్త్రవేత్త. బొంబాయి సులేమానీ బోహ్రా కుటుంబంలో 1896లో పుట్టిన సాలిం అలీ, 1931-32లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. తెలంగాణ పక్షుల గురించి మనకున్న పునాది సమాచారం ఆ సర్వే నుండి వచ్చినదే. ఆయన జీవితం ఈ దారిన పడటానికి కారణం కూడా ఒక హలాల్, హరామ్ ప్రశ్నే. చిన్నతనంలో తుపాకీతో కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ కనిపించింది. ఇది మామూలు పిచ్చుకేనా, ముస్లిం తినవచ్చునా అని అనుమానం వచ్చి మేనమామ దగ్గరకు తీసుకుపోయాడు. ఆయనకూ తెలియక, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపాడు. తినే ముందు 'ఇది ఏ పక్షి' అని అడిగిన ఆ పిల్లవాడే తర్వాత దేశానికి పక్షుల పేర్లు నేర్పాడు.

మేము వాదిస్తున్నది కూడా ఆ ప్రశ్న గురించే. పేరు తెలియకుండా హుకుం తెలియదు. తెలుగులో ఆ పేర్లు లేవా అంటే ఉన్నాయి. సి. పి. బ్రౌన్ నిఘంటువులో సాళువ ఉంది. జెర్డన్ జాబితాలో కుందేలి సాళువ ఉంది. ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలి అనువాదకుడు చిలుకూరి నారాయణరావు అనంతపురం కళాశాలలో అధ్యాపకుడు, భాషాశాస్త్రవేత్త. అంటే ఈ జిల్లాకు అనువాదపు బాధ్యత కొత్తది కాదు. మా సూచన ఇది: హిదఅను గద్ద అనాలి. నస్ర్‌ను రాబందు అనాలి. బాజ్, సఖ్ర్‌లను డేగ అనాలి. ఉఖాబ్‌ను సాళువ అనాలి, లేదా ఉఖాబ్ అనే ఉంచి పక్కన ఒక్క వాక్యం వివరణ రాయాలి. ఉఖాబ్‌ను గద్ద అని మాత్రం రాయరాదు. సాళువ పాతబడిన మాట అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. మరుగున పడిన మాటను మళ్ళీ వాడితే తప్ప అది వెలుగులోకి రాదు.

ఇక ఆ యువకునికి మేమిచ్చిన జవాబు. హదీసులోని హిదఅ ఈ పక్షి కాదని ముందు చెప్పాము. ప్రాణమున్న జీవిని గురిపెట్టి కొట్టే ఆటవస్తువుగా చేసుకోవడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని, కోడిని కట్టివేసి బాణాలు వేస్తున్న కుర్రవాళ్ళను చూసి హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) మందలించారని చెప్పాము. ఒక చిన్న పక్షి పిల్లలను ఎవరో తీసుకురాగా, తల్లి పక్షి తల్లడిల్లడం చూసి వాటిని తిరిగి ఇచ్చివేయమని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి అబూదావూద్‌లో ఉందని చెప్పాము. దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేటపక్షులను చంపడం, పట్టడం, పెంచడం నేరమని కూడా చెప్పాము. గోధుమరంగు ఉఖాబ్ ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతున్నందువల్ల 2018లో దానిని అపాయంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. గొర్రెపిల్లను ఎత్తుకుపోతే ఏమి చేయాలని అతడు మళ్ళీ అడిగాడు. దాడి చేస్తున్నదానిని తరిమివేయడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదన్నాము.

కాపరి ఇదంతా వింటూనే ఉన్నాడు. తన ఎరుకలో ఆ పక్షి గొర్రెపిల్లను ఎత్తుకుపోవడం ఒక్కసారి కూడా చూడలేదని, నక్కలూ ఊరకుక్కలూ పట్టుకుపోయినవే ఎక్కువని చెప్పి, మందను చెరువు వైపు మళ్ళించుకుపోయాడు.